కొంగపిల్లను తరిమే పని

ఏప్రిల్ 9

కొంగల్ని పెంచే కేంద్రానికి వచ్చి పడ్డాను. గది బాగుంది. కిటికీ తెరిస్తే రెల్లు, రెల్లు అవతల నీళ్ళు, నీళ్ళ అవతల మళ్ళీ రెల్లు. మంచం పొట్టిగా ఉంది, లేకపోతే నేనే పొడుగ్గా ఉన్నాను. అమ్మ సర్దిన బట్టల మధ్య ఒక తాళంకప్ప దొరికింది. దేనికి వెయ్యాలో చెప్పలేదు. తలుపుకి వేశాను.

ఈ డైరీ తెలుగులోనే రాసుకుంటాను. రోజంతా ఇక్కడి భాష మాట్లాడేసరికి సాయంత్రానికి దవడలు పీకుతున్నాయి.

ఏప్రిల్ 11

ఈరోజు పెద్దమేడం పాఠం చెప్పింది. ఈ కేంద్రమంతా ఆవిడ చేతికిందే. జుట్టు పూర్తిగా తెల్లబడిపోయింది కానీ, నడక చూస్తే మేమే ముసలివాళ్ళం.

కొంగపిల్ల కళ్ళు తెరిచి మొదట ఎవరిని చూస్తుందో, ఎవరి గొంతు వింటుందో, వాళ్ళే తన జాతి అనుకుంటుందిట. అందుకని దడి లోపలికి వెళ్ళేవాళ్ళు తల నుంచి పాదాల దాకా తెల్ల ముసుగు వేసుకోవాలి. కుడిచేతికి కొంగ తలబొమ్మ తొడుక్కుని, ఆ ముక్కుతోనే మేత పెట్టాలి. నడుముకి కట్టుకున్న చిన్న స్పీకరులోంచి పెద్ద కొంగ కూత వస్తుంది. మనిషి గొంతు మాత్రం ఒక్కసారి కూడా వినబడకూడదు. దగ్గొస్తే మింగాలి, తుమ్మొస్తే బయటికి పరుగెత్తాలి.

"మీలో వాగుడుకాయలెవరో ఇప్పుడే చెప్పేయండి. వాళ్ళకి బూట్లు కడిగే పని ఇస్తాను" అంది.

చెవులాయన వెంటనే చెయ్యెత్తాడు. అతను కొంగల కూతల మీద పరిశోధన చేస్తున్నాడు. అసలు పేరు నాకు నోరు తిరగదు. ఎప్పుడు చూసినా చెవులకి హెడ్‌ఫోన్లుంటాయి, అందుకని నాలో నేను అలా అనుకుంటాను.

నాకు ఆ భయం లేదు. మా ఇంట్లో మాటలన్నీ అమ్మ వాటా. తోపుడుబండి మీద కూరగాయలు అమ్మే గొంతు ఆవిడది, మూడు వీధులకి వినబడుతుంది. నా వాటా వినడం. మా ఇంట్లో మొట్టమొదట బడి గడప తొక్కినదాన్ని నేనే. అక్కడా టీచర్లందరూ ఒకే మాట అన్నారు, ఈ పిల్లకి నోట్లో నాలుక లేదని. ఆ లోటు ఇన్నాళ్ళకి పనికొచ్చింది!

తర్వాత గేటు దగ్గర పాత కొంగను చూపించారు. ఎవరో ఇంట్లో ముద్దుగా పెంచి, పెద్దదయ్యాక ఇక్కడ వదిలిపోయారుట. కాపలా తాత రాగానే అది వంగి దండం పెట్టింది, పుల్ల తీసి గాలిలోకి ఎగరేసింది, రెక్కలు విప్పి ఆయన బూట్ల చుట్టూ గెంతింది. అది పెళ్ళి నాట్యంట. "మా ఆవిడ కన్నా ఇదే నయం, వచ్చీరాగానే నవ్వుతుంది" అన్నాడు తాత. అందరం నవ్వాం. తోడు పెట్టలేదా అని అడిగాను.

"పెట్టాం. పొడిచి తరిమేసింది. దాని దృష్టిలో అది మనిషి, వచ్చిన మొగుడు కొంగ."

మళ్ళీ నవ్వాం. గదికి వచ్చాక నవ్వు రాలేదు.

మే 3

పుట్టింది! నా కళ్ళముందే. గుప్పెడంత ఉంది, తడిసిన దూదిలా ఉంది. ఒక్కో పిల్ల కాలికి ఒక్కో రంగు కడియం వేశారు. నా వంతుకి పసుపు కడియం వచ్చింది. పేర్లు పెట్టకూడదు. నేను పెట్టను. పసుపు కడియం అనడం పేరు పెట్టడం కాదు కదా.

మే 5

పసుపు కడియం మేతని వదిలేసి నా మోకాలిని పొడుస్తోంది.

మే 12

అమ్మ ఫోన్. ఇక్కడ ఏం చేస్తున్నానో మళ్ళీ చెప్పాను.

"కొంగల్ని పెంచడానికి అంత దూరం పోవాలటే? మన మురుక్కాలవ దగ్గరికొస్తే కావలసినన్ని."

"అవి కావమ్మా. ఇవి నీ భుజం దాకా ఎదుగుతాయి. లోకంలో చాలా కొద్ది మిగిలాయి."

"భుజం దాకానా? మరి మేత ఎంత పడుతుందో!"

పని బాగా జరుగుతోంది. పసుపు తింటున్నంతసేపూ పీర్ర్, పీర్ర్ అంటూనే ఉంటుంది. ఏదో పెద్ద కథ చెబుతున్నట్టు, మధ్యలో ఆగి నా వంక చూసి మళ్ళీ అందుకుంటుంది. ముసుగులోంచి వింటూ కూర్చుంటాను. వినడం తప్పు కాదు. నా నోట్లోంచి ఇంతవరకు ఒక్క మాట రాలేదు. పెద్దమేడం కూడా మెచ్చుకుంది, "అందరూ ఈ అమ్మాయిని చూసి నేర్చుకోండి" అని. అమ్మకి చెబితే, "మాట్లాడనందుకు కూడా మార్కులేస్తారా?" అంది.

మే 21

గుడ్లగూబ!

టిఫిన్ దగ్గర చెవులాయన హెడ్‌ఫోన్లు తీసి బల్ల మీద పెట్టాడు. అంటే విషయం పెద్దదే. పసుపు ఉండే షెడ్డులో అతను మైకు పెట్టాడు. పిల్ల కూసినప్పుడల్లా వెనకాలే సన్నగా, లోగొంతుతో "ఊ" అని వినబడుతోందిట. ఇంత చిన్న గుడ్లగూబ ఈ ప్రాంతంలో ఉన్నట్టు ఎవరూ రాయలేదని అతనికి ఒకటే సంబరం. పెద్దమేడంకి మాత్రం ఒకటే భయం. గుడ్లగూబ పిల్లల్ని ఎత్తుకుపోతుంది.

షెడ్డు కప్పుకి వల కట్టడానికి అందరికంటే ముందు నేనే లేచాను. వేళ్ళన్నీ గీరుకుపోయాయి. ఫరవాలేదు. మా పసుపు జోలికి వస్తే ఊరుకుంటానా?

మే 24

గుడ్లగూబ దొరకలేదు. దూలాలెక్కాం, చెట్ల తొర్రల్లో అద్దం పెట్టి చూశాం. నాకు ఒక ఈక దొరికింది, అది పావురానిది. వెతికేటప్పుడు రాదుట, నేను పసుపుకి మేత పెడుతున్నప్పుడే వస్తుందిట. అంటే ముసుగును చూసినా బెదరడం లేదన్నమాట. మహా మొండి గుడ్లగూబ.

మే 27

ఆ గుడ్లగూబ నేనే.

మధ్యాహ్నం భోజనాల గదిలో అమ్మ ఫోన్ చేసింది. కుళాయి దగ్గర పెద్ద తగువైంది. ఎదురింటావిడ అమ్మ బిందెని పక్కకి జరిపింది. జరిపితే జరిపింది, దాన్ని కాలితో జరిపింది. అమ్మ చెప్పుకుపోతోంది, నేను వింటున్నాను.

"కాలితోనే! చూశావా పొగరు!"

"ఊ."

"నేనేమన్నా తక్కువ తిన్నానా? బిందె ఎత్తి గట్టు మీద పెట్టి, కొంగు బిగించి…"

"ఊ."

ఎదురు బల్ల దగ్గర చెవులాయన చెంచా గాల్లోనే ఆగిపోయింది. నా వంక చూస్తున్నాడు. లేచి నెమ్మదిగా, నిజంగానే పిట్టను పట్టడానికి వస్తున్నట్టు వచ్చి, నా పక్కన కూర్చున్నాడు.

"ఉన్నావా? ఊ కొట్టవేం?" అంది అమ్మ.

"ఊ" అన్నాను.

అతను హెడ్‌ఫోన్లు తెచ్చి నా చెవులకి పెట్టాడు. పీర్ర్. ఊ. పీర్ర్ పీర్ర్. ఊఁ. పీర్ర్? ఊ. ఎంత ప్రేమగా ఉందో ఆ గొంతు. అది నాదే. ఎవరైనా ఏదైనా చెబుతుంటే ఊ కొట్టకుండా వినడం నాకు రాదు. నోరు మూసుకునే కొట్టాను, అందుకే నాకే తెలియలేదు.

అతను పడీ పడీ నవ్వాడు. నేనూ నవ్వాను. ఆ తర్వాత ఇద్దరికీ ఒకేసారి పాత కొంగ గుర్తొచ్చినట్టుంది. నవ్వు ఆగిపోయింది.

మే 28

బూట్లు కడిగాను.

మే 29

బూట్లు. పెద్దమేడం తిట్టలేదు. తిడితే బాగుండేది. "కొన్నాళ్ళు దూరంగా ఉండు. పసిది, మరిచిపోవచ్చు" అంది అంతే.

మరిచిపోతుంది. తప్పకుండా మరిచిపోతుంది. మరిచిపోవాలనే కోరుకుంటున్నాను.

జూన్ 15

పసుపు ఎదిగిందిట. చెవులాయన చెప్పాడు. ఇప్పుడతను నన్ను గుడ్లగూబమ్మా అని పిలుస్తున్నాడు. నేను అడగలేదు, అతనే చెప్పాడు. కాళ్ళు బాగా పొడుగొచ్చాయిట. మేతకి ముందు ఒకసారి తలుపు వంక చూస్తుందిట. అది కూడా నేను అడగలేదు.

జూలై 6

ఇప్పుడు పిల్లలకి మనుషుల్ని చూసి భయపడడం నేర్పుతున్నారు. ముసుగు లేకుండా మామూలు బట్టల్లో హఠాత్తుగా దడిలోకి దూరి, రేకులు మోగించి, అరిచి తరుముతారు. అడవిలో మనిషి దగ్గరికి పోయే కొంగ ఎక్కువకాలం బతకదు. పిల్లలన్నీ చక్కగా హడలిపోతున్నాయి. పసుపు కూడా.

అయితే ఈరోజు పెద్దమేడం నన్ను దడి బయట నిలబెట్టి, "ఒక్కసారి ఊ అను" అంది.

అన్నాను. పసుపు మేత వదిలి, రెక్కలు కొట్టుకుంటూ తన్నుకుంటూ పరుగెత్తుకొచ్చి, దడి సందులోంచి నా చొక్కా గుండీ పట్టుకుంది. నెల దాటింది. అయినా.

పెద్దమేడం నన్ను దడి నుంచి వెనక్కి లాగింది. తర్వాత మెల్లగా చెప్పింది. ఆగస్టు చివర మందనంతా పెద్ద చిత్తడి నేలకి తీసుకెళ్ళి వదిలేస్తారు. అప్పటికీ మనిషి గొంతుకి దగ్గరకొచ్చే పిల్ల ఉంటే అది ఇక్కడే ఉండిపోతుంది, పాత కొంగ పక్క దడిలో, దాని జీవితమంతా.

"నీ గొంతు వింటే దానికి ధైర్యం. భయం కూడా ఆ గొంతులోంచే పుట్టాలి. ఇంకెవరు తరిమినా లాభం లేదు."

జూలై 8

తరిమాను. తరమడం రాలేదు నాకు. "పో!" అన్నాను. వచ్చింది. "పో పో!" అన్నాను. ఇంకా దగ్గరికొచ్చింది. రేకు మూత మోగిస్తే ఆ మూతను పొడిచింది. చివరికి నేనే పారిపోయాను, అది నా వెనకాల పడింది. దడి బయట చెవులాయన నేల మీద కూర్చుని నవ్వలేక ఏడుస్తున్నాడు. "మీ ఇద్దరిలో ఎవరు ఎవర్ని తరుముతున్నారు?" అని అడిగాడు.

జూలై 9

అమ్మకి ఫోన్ చేశాను.

"అమ్మా, నాకు అరవడం నేర్పు."

"ఎవరే నిన్నేమన్నది? ఫోన్ వాళ్ళకివ్వు."

"మనిషి కాదు, కొంగపిల్ల."

మొత్తం చెప్పాను. అమ్మకి కోపం వచ్చింది. నా మీద, పెద్దమేడం మీద, కాలేజీ మీద, విమానం మీద.

"నీ చదువు తగలెయ్య! నీ చేతి తిండి తిన్న పసిదాన్ని నీ చేతే తరిమిస్తారా? వాళ్ళకి బుద్ధి లేకపోతే నీకేమైంది? నేను నేర్పను పో."

వెనకనుంచి నాన్న గొంతు: "నా లారీ హారన్ ఊడదీసి పంపమంటావా అమ్మా?"

ఫోన్ పెట్టేసింది.

జూలై 10

అమ్మే చేసింది. పొద్దున్నే, బండి సర్దకముందు.

"నిద్ర పట్టలేదే. తరమకపోతే ఏమవుతుంది దానికి?"

పాత కొంగ సంగతి చెప్పాను. బూట్ల చుట్టూ నాట్యమనగానే అమ్మకి నవ్వాగలేదు. నాన్నని కూడా పిలిచి చెప్పింది. ఆ తర్వాత నవ్వు తగ్గింది.

"మరి దానికి పిల్లలు?"

"లేవమ్మా."

"ఎగరదా?"

"రెక్కలు బాగానే ఉన్నాయి. ఎక్కడికి ఎగరాలో తెలీదు."

అమ్మ ఏమీ మాట్లాడలేదు. మా అమ్మ! ఫోన్ తెగిందేమో అనుకున్నాను.

"సరే, నువ్వెలా తరిమావో వినిపించు."

చెవులాయన దగ్గర రికార్డు ఉంది. పెట్టాను. పో! పీర్ర్. పో పో! పీర్ర్. వింటుంటే నాకే సిగ్గేసింది. ఒక్కో అరుపు తర్వాత ఆగుతున్నాను. అది ఏమంటుందో వినడానికి ఆగుతున్నాను. అది చెప్పడం అయ్యాకే మళ్ళీ అరుస్తున్నాను.

"ఇది తరమడమటే? చుట్టాన్ని పలకరించినట్టుంది" అంది అమ్మ. "నేను కుళాయి దగ్గర ఎప్పుడైనా ఆగానా? అవతలి మాట చెవిన పడిందంటే నా కోపం సగం చల్లారిపోతుంది. అందుకే పడనివ్వను."

"మరి ఊపిరి?"

"అది నీళ్ళు పట్టుకున్నాక తీసుకోవచ్చు."

బండి సర్దేలోపు నాలుగు తిట్లు నేర్పింది. నాలుగోది నేను అననని చెప్పాను. "కొంగకేం తెలుస్తుందే" అంది. అయినా అనను.

జూలై 11

బూట్లు కడిగే గదిలో తలుపేసుకుని సాధన చేశాను. కాపలా తాత వచ్చి తలుపు కొట్టి, ఎవరన్నా జారిపడ్డారా అని అడిగాడు.

జూలై 12

జరిగింది. బాగా జరిగింది.

పొద్దున ముసుగు లేకుండా, నా మామూలు బట్టల్లో, చేతిలో రేకు మూతతో దడి తలుపు తన్ని లోపలికి వెళ్ళాను. పసుపు మందలోంచి మెడ ఎత్తింది. నన్ను చూసింది. రావడం మొదలుపెట్టింది. అప్పుడు అందుకున్నాను.

"ఏమే, పొద్దస్తమానం నా వెంట పడడం తప్ప నీకు వేరే పనీపాటా లేదా? కాళ్ళు వెదురుగడల్లా పెరిగాయి, బుద్ధి గుడ్డులోనే వదిలేసి వచ్చావా? సిగ్గు లేదూ శరం లేదూ! మేత పెడితే మేత తినాలి కానీ మోకాళ్ళు పొడుస్తారా ఎవరైనా? నా చొక్కా గుండీ ఎక్కడే? మింగేశావా?"

అమ్మ నేర్పినవి అయిపోయాయి. ఆగకూడదు కదా. నా సొంతవి మొదలయ్యాయి. "నీ మూలంగా ఎన్ని బూట్లు కడిగానో తెలుసా? లేని గుడ్లగూబ కోసం దూలాలెక్కాను, నీ కోసమే! అందరి పిల్లలూ బుద్ధిగా పారిపోతుంటే నువ్వొక్కదానివే ఎందుకే ఇలా తయారయ్యావు? నేనెవర్ని నీకు? కొంగనా? ముక్కుందా నాకు? రెక్కలున్నాయా?" రేకు మోగిస్తూ, కాళ్ళు నేలకేసి బాదుతూ, మీదికి పోతూనే ఉన్నాను. అది ఆగింది. తల పక్కకి వంచింది.

పలికింది. గొంతు మారుతోంది దానికి, సగం పిల్ల, సగం పెద్ద కొంగ. పీర్ర్ అనబోయి మధ్యలో బొంగురుపోయింది.

ఆగలేదు. ఏమన్నానో నాకే తెలియదు, తెలుగో ఏదో, అరుస్తూనే ఉన్నాను. అది ఒక అడుగు వెనక్కి వేసింది. ఇంకొకటి. తర్వాత ఒక్కసారిగా తిరిగి, పరుగెత్తి, రెక్కలు విప్పి, నీటిగుంట మీంచి ఎగిరి అవతల మందలో పడింది. అంత దూరం ఎగరడం దానికి అదే మొదటిసారి.

బయట పెద్దమేడం నా భుజం మీద చెయ్యేసింది. చెవులాయన ఈసారి నవ్వలేదు. మంచినీళ్ళు తెచ్చాడు.

ఏడవలేదు. అరిచి అరిచి గొంతు పోయింది, దానివల్ల కళ్ళల్లో నీళ్ళొచ్చాయి. బాగా జరిగింది.

జూలై 13

మళ్ళీ.

జూలై 16

మళ్ళీ. ఇప్పుడు నా గొంతు కూడా అక్కర్లేదు, నడక చూసి లేస్తోంది. నాకు అరవడం అలవాటైపోయినట్టుంది. టిఫిన్ దగ్గర ఉప్పు అడిగితే అందరూ ఉలిక్కిపడ్డారు.

ఆగస్టు 18

పరీక్ష. మామూలు బట్టల్లో, చేతిలో మేత బకెట్టుతో, మెత్తగా నడుచుకుంటూ లోపలికి వెళ్ళి, ఆ పాత గొంతుతోనే ఊ అన్నాను. అనడానికి కష్టమైంది.

పసుపు దడి చివరిదాకా పోయి, మెడ నిటారుగా పెట్టి నిలబడింది. మేత వాసనకి కూడా రాలేదు. బకెట్టు కింద పెట్టి నేను ఇవతలికి వచ్చేదాకా అది కదల్లేదు.

"వెళ్తుంది" అంది పెద్దమేడం. ఒక్క మాట. నన్ను గట్టిగా కౌగిలించుకుంది. ఆవిడకి కూడా గొంతు పోయినట్టుంది.

అమ్మకి చెప్పాను.

"నిన్ను చూసి భయపడిందా?"

"హడలిపోయిందమ్మా."

"మా తల్లే! మా తల్లే!" అంది. సాయంత్రానికి వీధంతా చెప్పేసింది, మా అమ్మాయిని చూస్తే మనిషంతేసి పక్షులు కూడా హడలి చస్తాయని. నాన్న లారీలోంచి ఫోన్ చేసి, నిజమేనా అని అడిగాడు. నిజమేనన్నాను. "జాగ్రత్తమ్మా" అన్నాడు. ఎవరికి జాగ్రత్తో తెలియలేదు.

ఆగస్టు 29

మందని తీసుకెళ్ళారు. నన్ను చూస్తే పసుపు హడలుతుంది, నేను వెళ్ళకూడదు కదా. షెడ్డు ఊడ్చాను.

సెప్టెంబర్ 14

ఈరోజు పెద్ద చిత్తడి గట్టు మీద నాకు మొదటి పని. వదిలేసిన పిల్లలు ఎలా ఉన్నాయో దూరం నుంచి చూసి రావాలి. చెవులాయనా నేనూ వెళ్ళాం. గాలి బాగా వీస్తోంది, నీళ్ళు మెరుస్తున్నాయి.

మంద చాలా దూరంలో ఉంది. మా పిల్లలు, ఇక్కడే పుట్టి పెరిగిన కొంగలు కలిసి మేస్తున్నాయి. అన్నీ ఒకేలా ఉన్నాయి. కాళ్ళు నీళ్ళలో ఉన్నాయి, కడియాలు కనబడడం లేదు. బైనాక్యులర్స్‌తో ఎంత వెతికినా ఏది ఏదో తెలియలేదు. మనసులో మాత్రం, అదిగో అది అనుకున్నాను, కాదు అది అనుకున్నాను.

"రెల్లు దాటి కొంచెం బయటికి నడువు. లేస్తే కడియాలు కనబడతాయి" అన్నాడు చెవులాయన.

నడిచాను. అరవలేదు, ఏమీ అనలేదు. ఉత్తినే నడిచాను. మంద మేస్తూనే ఉంది. ఇంత దూరంలో ఉన్న మనిషిని అవి లెక్క చెయ్యవు.

ఒక కొంగ మాత్రం మెడ ఎత్తింది. ఒక్క క్షణం నా వైపు చూసింది. తర్వాత బొంగురు పోకుండా, నిండుగా, పెద్ద కొంగలా ఒక కూత కూసి లేచింది. ఆ హెచ్చరిక విని మందంతా లేచింది. దాని కాళ్ళు నీళ్ళలోంచి పైకొచ్చాయి.

పసుపు.

అంత మందలోనూ నన్ను గుర్తుపట్టింది అదొక్కటే.